ఆపమన్న కాగితం ఏది?

విజయనగరంలో ఆదివారం దాకా నడవాల్సిన ఒక కుర్రాడి బొమ్మల, మట్టిపనుల ప్రదర్శన, మగవాళ్ల మధ్య ప్రేమను చూపుతోందని కొందరు అభ్యంతరం చెప్పడంతో మూడో రోజు సాయంత్రమే ఆగిపోయింది. సంగతేమిటో పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు, రెండు రోజులుగా ఊరంతా అదే మాట. మేం అడుగుతున్నది ఒక్కటే. ఆపమన్న కాగితం ఏది?

లేదట. హాలువాళ్లను అడిగితే పైనుంచి ఫోనొచ్చిందన్నారు. పైవాళ్లను అడిగితే ‘మేం ఆపమనలేదు, కాస్త చూసుకోమన్నాం’ అన్నారు. చూసుకోమనడం అంటే ఏమిటో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లెవరికైనా తెలుసు. సంతకం ఉండదు, తేదీ ఉండదు, కారణం ఉండదు. షట్టర్ మాత్రం కిందికి దిగుతుంది.

ఇంతకీ లోపల ఏముంది? ఒక బొమ్మలో ఇద్దరు మగవాళ్లు బస్టాండు బెంచీ మీద కూర్చుని ఒకే పొట్లంలోంచి పల్లీలు తింటుంటారు. కాస్త పరకాయించి చూస్తే ఒకడి చెప్పు రెండోవాడి కాలికి ఉంటుంది. అంతే. ఒంటిమీద బట్టలేని మనిషి ఏ బొమ్మలోనూ లేడు. హాలు మధ్యలో బల్ల మీద సత్యభామ జడ. మట్టితో ముక్కలుగా చేసి, నల్ల గ్లేజు పూసి కాల్చి, తాడుకు గుచ్చిన ఆరడుగుల జడ. పైన సూర్యుడు, చంద్రుడు బిళ్లలు ఉన్నాయి. కింద జడకుప్పెలు ఉండాల్సిన చోట గడ్డం గీసుకునే రేజరు వేలాడుతోంది, అదీ మట్టిదే.

సత్యభామ కథ ఆడే తూర్పు భాగవతం చూసి పెరిగినవాళ్లకు ఆ రేజరు ఎందుకుందో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. పొద్దున గడ్డం గీసుకుని రాత్రికి సత్యభామ అయ్యే మగవాణ్ని ఈ ఉత్తరాంధ్ర పల్లెలు తరతరాలుగా చూశాయి, చదివింపులు చదివించాయి. జడ విప్పేశాక ఆ మనిషి ఏ మనసుతో ఇంటికెళ్తాడని ఈ కుర్రాడు అడిగాడు. తన సంగతీ దాచుకోలేదు, తాను ప్రేమించేది మగవాణ్నేనని తలుపు పక్కన నాలుగు లైన్లలో రాసి పెట్టాడు. అసలు కోపం ఆ నాలుగు లైన్ల మీద. జడ ఒక సాకు మాత్రమే.

పిల్లలు వస్తారు, మనోభావాలు దెబ్బతింటాయి అన్నవారి బాధను మేం ఎగతాళి చేయం. వాళ్లు లోపలికి రాకుండా ఉండొచ్చు, బయట ప్లకార్డు పట్టుకుని నిలబడొచ్చు. మా డెస్కులోనూ అందరికీ ఆ బొమ్మలు నచ్చలేదు. ఆ రంగులేమిటి అంత గాఢంగా అన్నవాళ్లూ ఉన్నారు. నచ్చకపోవడం వేరు, తాళం వేయడం వేరు.

పెద్దలైన ఇద్దరి మధ్య ఇష్టపూర్వకంగా ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చేసింది. దానికి చాలా ముందే, 1980ల మొదట్లోనే బరోడాలో భూపేన్ ఖఖ్ఖర్ మగవాళ్ల ప్రేమను బాహాటంగా బొమ్మలకెక్కించాడు. వృత్తికి చార్టర్డ్ అకౌంటెంటు, సిరామిక్ పనులూ చేశాడు. 1984లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. నలభై ఏళ్ల కిందట ఢిల్లీకి లేని ఇబ్బంది ఇప్పుడు విజయనగరానికి వచ్చింది. 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న ఊరని సభలు పెట్టి మరీ చెప్పుకుంటాం!

గొడవలవుతాయనే భయంతో ఆపామని చాటుగా చెబుతున్నారు. ఆ సాకు చెల్లదని 1989లో రంగరాజన్ అనే సినిమా నిర్మాత కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ఊరేగింపు తీస్తామనో, హింసకు దిగుతామనో ఎవరైనా బెదిరిస్తే మాట్లాడేవాడి నోరు మూయించకూడదు, మాట్లాడే స్వేచ్ఛను కాపాడాల్సింది ప్రభుత్వమే అంది. ఇక్కడ బెదిరించినవాళ్ల మీద కేసు లేదు. బొమ్మలు వేసినవాడికి మాత్రం టెన్షన్.

ముంబయిలో కస్టమ్స్ అధికారులు పేరున్న చిత్రకారులు సూజా, అక్బర్ పదంసీ వేసిన 7 బొమ్మలను అశ్లీలమని పట్టుకున్నారు. తప్పు పనే. కానీ స్వాధీనం చేసుకుంటున్నామని ఉత్తర్వు రాశారు, కారణం చూపారు, కింద సంతకం పెట్టారు. అందుకే 2024 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని కొట్టేయగలిగింది. మన కుర్రాడు హైకోర్టుకెళ్లి దేన్ని కొట్టేయమని అడగాలి? ఫోన్ కాల్‌నా?

మా భయమంతా ఇదే. ఈసారి జడ. రేపు ధాన్యం సొమ్ము రాలేదని రైతులు వేయించుకున్న బుర్రకథ కావొచ్చు, ఫ్యాక్టరీ నీళ్లతో చచ్చిన చేపల ఫొటోలు కావొచ్చు. ‘కాస్త చూసుకోండి’ అంటే చాలు. ఇవాళ చప్పట్లు కొడుతున్నవాళ్ల సభను కూడా రేపు ఇంకో ప్రభుత్వంలో ఇంకో ఫోను ఆపేస్తుంది. అప్పుడు వాళ్లూ కాగితం ఏదని అడుగుతారు. ఉండదు.

నిన్న మా విలేకరి వెళ్లేసరికి హాలు సిబ్బందే ఆ జడను పాత పేపర్లలో చుడుతున్నారు. అందులో మన పత్రికా ఉంది. తొందరలో రేజరు కొస విరిగితే ఆ ముక్కను ఒకతను చొక్కా జేబులో వేసుకున్నాడు, ఆ కుర్రాడికి ఇచ్చేయాలని.

ఫోన్ చేసిన పెద్దమనిషి ఎవరైనా సరే, చేసింది న్యాయమని నమ్మితే నాలుగు వాక్యాలు రాసి కింద పేరు పెట్టాలి. ఊరి పరువు కాపాడామని చాటుకునే నోటికి సొంత పేరు చెప్పుకోవడానికి సిగ్గెందుకు? సంతకానికి చెయ్యి రాకపోతే ఆ తాళం తీయించండి. హాలు అద్దె ఆదివారం దాకా కట్టే ఉంది.