ఖాళీ గడి అంటే సున్నా కాదు

వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది: "ఫ్యాక్టరీ లోపలి డేటా బయటికి రాదు కాబట్టి ఒక రసాయనం తయారీ వల్ల పర్యావరణానికి ఎంత చేటో ఎవరూ చెప్పలేరు. అంచనాలన్నీ కాకిలెక్కలే. పక్కా డేటా వచ్చేదాకా పర్యావరణ లెక్కల పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలేయడమే నిజాయితీ." మూడు మాటలూ తప్పే.

"ఎవరూ చెప్పలేరు" అన్నదానికి సున్నంబట్టీ చాలు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. యజమాని రిజిస్టరు చూపించినా, దాచినా ఇది మారదు. బొగ్గు పొగ దీనికి అదనం. యాస్పిరిన్ సంగతీ అంతే. శాలిసిలిక్ యాసిడ్‌తో ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపి చేస్తే, 180 కిలోల మందుకు 60 కిలోల ఎసిటిక్ యాసిడ్ పుట్టి తీరుతుంది. దాన్ని పట్టి అమ్ముకున్నారా, కాలువలోకి వదిలారా అన్నది సమీకరణం చెప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడికి పోయిందని నిలదీయడానికి చేతిలో ఒక అంకె ఉంటుంది.

ఇక కాకిలెక్కలు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఒక శుద్ధి కేంద్రం ఉంది, అప్పట్లో సుమారు 90 బల్క్ డ్రగ్ (మందుల మూలపదార్థాలు చేసే) కంపెనీల వ్యర్థజలాలు అక్కడికి చేరేవి. స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం అక్కడ శుద్ధయి బయటికొచ్చిన నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు గరిష్ఠంగా 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! కేంద్రానికి అప్పట్లో రోజుకు చేరిన నీరు దాదాపు 15 లక్షల లీటర్లు. గుణించి చూడండి, 46 కిలోల పైమాటే. 500 మిల్లీగ్రాముల మాత్రల్లో చెప్పాలంటే 90 వేలు దాటుతాయి, అదీ ఒక్క రోజుకి. ఒకటి రెండు శాంపిళ్లతో ఏడాది మొత్తం లెక్క తేలదన్న అభ్యంతరం సబబే. సరే, పదో వంతే నిజమనుకోండి. రోజుకు 9 వేల మాత్రలు నీళ్లలో పోతుంటే ఊరుకుందామా?

ఖాళీ గడి మాట మరీ విడ్డూరం. కూడేటప్పుడు ఖాళీ గడి విలువ సున్నాయే. అంటే వివరాలు దాచినవాడికే మంచి మార్కులు. రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో ఇచ్చిన పట్టిక ప్రకారం మందుల తయారీలో కిలో సరుకుకు 25 నుంచి 100 కిలోల పైదాకా వ్యర్థం వస్తుంది. ఇది బరువు లెక్కే, విషం లెక్క వేరే చూడాలి. అయినా ఆ గడిలో 100 వేసి చూడండి. ఎక్కువ వేశారని గోల పెట్టే కంపెనీ, అసలు రిజిస్టరు తనే పట్టుకొస్తుంది.