మూడు అడాప్టర్ల మహాయంత్రం: ఒక న్యాయమైన డిమాండ్

సెగా అనే కంపెనీ తన వీడియో గేమ్ కన్సోల్‌కి తగిలించుకోమని అమ్మిన 32ఎక్స్ అనే డబ్బాని చూసి ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. విజయనగరం పౌరుడిగా నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. 1994 నవంబర్‌లో అమెరికాలో 159 డాలర్ల 99 సెంట్లకి అమ్మకానికొచ్చి, 1996కల్లా మాయమైపోయిన ఆ నల్ల డబ్బాకి మా మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర విగ్రహం పెట్టాలి. అక్కడే ఎందుకంటే, దాని కీర్తంతా మూడు కరెంటు అడాప్టర్లలోనే ఉంది.

ముందు ఇంట్లో సెగావారి కన్సోల్ మెగా డ్రైవ్ ఉండాలి (అమెరికాలో దాన్నే జెనెసిస్ అన్నారు). దానికో అడాప్టర్. మనసుపడి సీడీ గేములాడే సెగా సీడీ అనే పెట్టె కూడా కొనుక్కుంటే దానికింకోటి. ఇక క్యాసెట్ పెట్టే చోట 32ఎక్స్‌ని గుచ్చితే దానికీ ఒకటి, అవన్నీ పక్క సాకెట్‌ని కూడా ఆక్రమించేసే రకాలు. అయిపోలేదు. మెగా డ్రైవ్ బొమ్మ తిన్నగా టీవీకి వెళ్ళదు, దాని వెనక నుంచి చిన్న వైరు తీసి 32ఎక్స్‌లో పెట్టాలి, అక్కణ్ణుంచి ఇంకో వైరు టీవీకి. ఇవి కాక స్లాట్‌లో దూర్చమని రెండు రేకు ముక్కలు కూడా ఇచ్చారు, సిగ్నల్ గోల బయటికి రాకుండా అన్నమాట. చాలామంది వాటిని పెట్టెలోనే వదిలేశారు.

మా మావయ్యకి ఫోన్లో ఫోటో చూపించి ఇదంతా వివరిస్తే, ఆయన ఓపిగ్గా విని, "ఏటిరా, మరి ఆ పైదొక్కటీ పెట్టుకుంటే పనిచేస్తాదా?" అన్నాడు. చెయ్యదు మావయ్యా. "మరి కిందది?" అదొక్కటీ భేషుగ్గా పనిచేస్తుంది. ఆయన టీ తాగేసి వెళ్ళిపోయాడు. ఇలాంటి సంకుచిత దృష్టి వల్లే మన దగ్గర టెక్నాలజీ ఎదగట్లేదు.

లోపల సరుకు లేదనడానికి లేదు. రెండు హిటాచీ ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు పెట్టారు, తెర మీద ఒకేసారి 64 రంగులు చూపించే మెషీన్‌కి 32,768 రంగులిచ్చారు. అన్ని రంగులూ ఒక్కసారిగా మీద పడితే పిల్లల కళ్ళు పాడవుతాయని కాబోలు, డూమ్ గేములో మాత్రం తెర చుట్టూ ఇంత అంచు వదిలేసి మధ్యలో ఆడుకోమన్నారు.

అసలు గొప్పతనం ముహూర్తంలో ఉంది. జపాన్‌లో ఇదే కంపెనీ వారి కొత్త కన్సోల్ సాటర్న్ 1994 నవంబర్ 22న వచ్చింది, అందులోనూ రెండు ఎస్‌హెచ్-2లే. 32ఎక్స్ అక్కడ డిసెంబర్ 3న వచ్చింది. పెళ్ళి అయిపోయిన పదకొండు రోజులకి పెళ్ళిచూపులకి రమ్మని పిలిచినట్టు. కొత్త కన్సోల్ కొనలేనివాడికి తక్కువలో 32 బిట్ అనుభవం అని అమెరికాలో సర్దిచెప్పారు, సరే అనుకుని జనం కొన్నారు. సెప్టెంబర్‌లో రావాల్సిన సాటర్న్‌ని 1995 మే 11నే, చెప్పాపెట్టకుండా, 399 డాలర్లకి దించేశారు. 32ఎక్స్ కొన్నవాడి వారంటీ కాగితం ఇంకా మడత కూడా నలగలేదు.

గేములు తయారుచేసేవాళ్ళకి మాత్రం లెక్కలొచ్చు. వాళ్ళు చల్లగా సాటర్న్ వైపు జరుక్కున్నారు, దీనికి వచ్చినవి మొత్తం ఓ 40 గేములు. అందులో కొన్నిటికి సెగా సీడీ కూడా ఉంటేనే ఆట. చివరికి షాపులవాళ్ళు 19 డాలర్ల 95 సెంట్లకి వదిలించుకున్నారు. మెగా డ్రైవ్, 32ఎక్స్ రెండూ కలిపి ఒకే పెట్టెగా నెప్ట్యూన్ అని ఇంకోటి కూడా అనుకున్నారు, అది బజారుకే రాలేదు. సెగా ఆ రోజుల్లో కస్టమర్‌కి చేసిన మేలు అదొక్కటే.

ఇంతకీ నవ్వేవాళ్ళని ఒకటడుగుతాను. 2024లో సోనీవారు తమ గేమ్ కన్సోల్ పీఎస్5 ప్రోని 700 డాలర్లకి అమ్ముతూ, డిస్క్ డ్రైవ్ కావాలంటే విడిగా కొనుక్కో, నిలువుగా నిలబెట్టుకోవాలంటే స్టాండ్ విడిగా కొనుక్కో అన్నారు. నాలుగు రోజులు తిట్టుకున్నాం, తర్వాత ఈఎంఐ ఎంత పడుతుందో కనుక్కున్నాం. సెగావాడు పాపం, కనీసం రేకు ముక్కలు ఊరికే ఇచ్చాడు.