ఎంజైము మాత్రలతో అల్జీమర్స్ కరగదు

"అల్జీమర్స్ అంటే మెదడులో పేరుకున్న ప్రోటీన్, ప్రోటీన్‌ను కోసే ఎంజైము మాత్రలు పరగడుపున వేసుకుని, బొప్పాయి, అనాస తింటే అది కరిగిపోతుంది, ఇక డాక్టరు మందులు ఆపేయవచ్చు" అన్న సందేశాన్ని ఎన్నిసార్లు కాదన్నా మిత్రులు మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉన్నారు.

పండ్ల మాట ఒక్క వాక్యంలో తేలుతుంది: వాటిలోని ఎంజైములు మెదడుకు చేరవు.

కోత ఏదైనా మేలే అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. మెదడులో పేరుకునే ఆ ప్రోటీన్, అంటే అమిలాయిడ్, పుట్టేదే కోత వల్ల. నాడీకణాల పొరలో ఉండే ఏపీపీ అనే ప్రోటీన్‌ను ముందు బీటా సెక్రిటేజ్, తరవాత గామా సెక్రిటేజ్ అనే ఎంజైములు కోస్తే బీటా అమిలాయిడ్ ముక్క విడుదలవుతుంది. ఆల్ఫా సెక్రిటేజ్ అనే మరో ఎంజైము సరిగ్గా ఆ ముక్క మధ్యలో కోస్తే అది ఏర్పడనే ఏర్పడదు. గామా సెక్రిటేజ్‌ను అడ్డుకునేందుకు తయారుచేసిన సెమాగాసెస్టాట్ అనే మందు పరీక్షలను 2010లో ఆపేశారు, ఎందుకంటే రోగుల ఆలోచనాశక్తి మరింత దిగజారింది, చర్మ క్యాన్సర్లు కూడా పెరిగాయి. ఒక్క ఎంజైమును గురిపెట్టి ఏళ్ళ తరబడి రూపొందించిన మందు గతే ఇది అయితే, దొరికిన ప్రోటీన్‌నల్లా కోసే మాత్ర మెదడులో సరైన చోటే కోస్తుందని ఏ ధైర్యంతో చెబుతున్నారు?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇలాంటి మాత్రల్లో ఉండే నాటోకైనేజ్ అనే ఎంజైము అమిలాయిడ్ పోగులను ముక్కలు చేస్తుందని 2009లో తైవాన్ పరిశోధకులు పరీక్షనాళికలో నిజంగానే చూపారు. మన మెదడులోనూ నెప్రిలైసిన్ అనే ఎంజైము బీటా అమిలాయిడ్‌ను రోజూ కోస్తూనే ఉంటుంది. కానీ పరీక్షనాళికలో జీర్ణాశయం లేదు, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ లేదు. వాపు మాత్రల్లో మనకు బాగా తెలిసిన సెర్రాషియోపెప్టిడేజ్ అనే ఎంజైమునైతే, ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని పరీక్షల్లో తేలకపోవడంతో జపాన్‌లో టకేడా కంపెనీ 2011లో అమ్మకం నుంచి ఉపసంహరించుకుంది.

చివరి సలహా క్షమించరానిది. అల్జీమర్స్‌కు డాక్టర్లు రాసే డోనెపెజిల్ వ్యాధిని నయం చేయదు, నిజమే; కానీ కొందరికి జ్ఞాపకాన్నీ రోజువారీ పనులనూ కొంతకాలం నిలబెడుతుంది, దాన్ని హఠాత్తుగా మానేస్తే నిలిచింది కూడా జారిపోవచ్చు. పైగా ఆ వయసు వాళ్ళలో చాలామంది రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటివి వాడుతుంటారు, నాటోకైనేజ్ ఏమో రక్తం గడ్డలను కరిగించేది; అమిలాయిడ్ మెదడు రక్తనాళాల గోడల్లోనూ చేరి వాటిని బలహీనపరుస్తుంది కనుక, వీటన్నిటినీ కలిపితే మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఇది పంపేవాళ్ళు ఎవరి తల్లిదండ్రుల ప్రాణాలతో ఆడుతున్నారో ఒక్కసారైనా ఆలోచించారా? మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే ఆ మాత్రలు మొదలుపెట్టి ఉంటే, డబ్బాను ఈ వారమే డాక్టరుకు చూపించండి, ఆయన చెప్పేదాకా పాత మందులు ఆపకండి.