బాణం ఎటు పోతే సైట్ అటు: ఒక అభ్యంతరం

విలువిద్యలో ఒక సూత్రం మీద నా అభ్యంతరం నమోదు చేయదలచుకున్నాను. బాణాలు ఎడమకు పోతుంటే విల్లుకు బిగించిన సైట్‌ను, అంటే గురి చూసే పరికరాన్ని, కూడా ఎడమకే జరపాలట. పైన పడుతుంటే పైకే. అంటే తప్పు ఎటు పోతే మనమూ దాని వెంటే పోవాలన్నమాట! తప్పు జరగ్గానే పక్కవాడి మీదికి తోసేసి పెరిగినవాళ్ళం, మనతో చేయించాల్సిన పనేనా ఇది?

సైట్‌లో గురిపెట్టే చుక్కను, అంటే పిన్‌ను, ఎడమకు జరిపాక మళ్ళీ టార్గెట్ నడుమనున్న పసుపు మధ్యకు తేవాలంటే విల్లును కుడికి తిప్పక తప్పదు, అప్పుడు బాణమూ కుడికి వస్తుంది అని కోచ్‌లు చెబుతారు. లెక్క సరిపోయింది. మనసే ఒప్పుకోవడం లేదు.

అసలు బాధ వేరే ఉంది. బెజవాడలో ఏ ఆర్చరీ మైదానానికైనా ఆదివారం పొద్దున వెళ్ళి చూడండి. పాప మొదటి బాణం వేస్తుంది. వెనకాల, దూరాన పడ్డ బాణాన్ని చూపే స్పాటింగ్ స్కోప్‌కు కన్ను అతికించుకున్న తండ్రి, "కుడి పక్క ఏడు! సైట్ రెండు క్లిక్కులు కుడికి తిప్పమ్మా" అంటాడు. రెండోది ఎడమకు పోతుంది. "అయ్యో, ఎక్కువైంది, వెనక్కి తిప్పు." మూడోది కింద పడేసరికి తండ్రికి టెన్షన్, పాపకు చెమట. ఆరు బాణాలు అయ్యేసరికి సైట్ నాలుగు దిక్కులూ తిరిగొచ్చి, బయలుదేరిన చోటే ఉంటుంది.

కోచ్‌ది మాత్రం రాతిగుండె. ముందు ఆరూ ఒకే చోట పడాలి, ఆ తర్వాతే స్క్రూ ముట్టుకోవాలి అంటాడు. బాణాలన్నీ కలిసి పక్కకు పోతే సైట్ తప్పు, చెల్లాచెదురుగా పోతే మనిషి తప్పు అని తీర్పు కూడా ఇచ్చేస్తాడు. గడ్డం కింద యాంకర్ (తాడు లాగిన చెయ్యి ఆనే చోటు) రోజుకో చోట, వేళ్ళు వదిలే తీరు బాణానికో రకం అయితే పాపం సైట్ ఏం చేస్తుందట? ఇలా నిలదీస్తే కుటుంబాలు ఎలా నిలబడతాయండీ!

పోనీ, స్క్రూ తిప్పడం చిన్న పనా అంటే అదీ కాదు. కొసలు ముందుకు వంగిన రికర్వ్ విల్లుతో ఆడే పోటీలో 70 మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్ల టార్గెట్, అందులో పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. కంటికీ పిన్‌కీ మధ్య సుమారు 90 సెంటీమీటర్లు ఉంటే, పిన్ ఒక్క మిల్లీమీటరు జరిగినా అక్కడ దాదాపు 8 సెంటీమీటర్ల తేడా. నడిమధ్యన పడాల్సిన బాణం తొమ్మిదిలోకి జారుతుంది. తండ్రిగారి రెండు మాటలకు అంత బలం!

మన జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచింది. కాంపౌండ్ సైట్‌లో భూతద్దం ఉంటుంది, విల్లు ఒరిగితే చెప్పే బుడగ ఉంటుంది, తాడులో గురి చూసేందుకు పీప్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. విజ్ఞులైనవాళ్ళు వెంటనే అడగాల్సిన ప్రశ్న "ఆ సైట్ ఏ కంపెనీది?" అన్నదే. ఎన్నేళ్ళు సాధన చేసిందని అడిగితే ఆ జవాబు దుకాణంలో దొరకదు కదా!

కాబట్టి నా ప్రతిపాదన. ఇకమీదట ప్రతి విల్లుతో పాటు తండ్రికి ఒక విడి సైట్ ఇవ్వాలి. దాన్ని దేనికీ బిగించకూడదు. తిప్పితే టిక్ టిక్‌మని చప్పుడు మాత్రం రావాలి, అదీ కాస్త గట్టిగా, పాప వెనక్కి తిరిగి చూడకుండానే "తిప్పాను నాన్నా" అనగలిగేంతగా.