పండక్కి అందకపోతే పండగ నెలకి రండి

అమెరికాలో బడులకు డిసెంబరు ఇరవై ప్రాంతంలో సెలవులిస్తారు, జనవరి మొదటి వారంలో మళ్లీ తెరుస్తారు. భోగి చూస్తే జనవరి 13నో 14నో. అందుకే పిల్లలతో విశాఖ వచ్చే కుటుంబాలకు సంక్రాంతి ఏటా చేతికందేంత దూరంలో తప్పిపోతుంది. పండగే లేనప్పుడు ఇంట్లో కూర్చుని ఏం చేస్తామని, ఉన్న పన్నెండు రోజుల్నీ అరకుకీ, మాల్స్‌కీ, బంధువుల విందులకీ పంచేస్తారు. ఈ లెక్క తప్పు. పండగ మూడు రోజులదే గానీ పండగ పని నెల రోజులది. డిసెంబరు 16 ప్రాంతంలో నెలగంట పెడతారు, అక్కణ్ణుంచి భోగి దాకా ధనుర్మాసమే. మీ సెలవులు దాని నడిమధ్యన పడతాయి.

అమెరికా తూర్పు తీరానికీ మనకీ చలికాలంలో పదిన్నర గంటల తేడా. మొదటి నాలుగైదు రోజులు పిల్లలు వేళకాని వేళ, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో లేచి కూర్చుంటారు. బలవంతాన పడుకోబెట్టకండి, వాకిట్లోకి తీసుకెళ్లండి. మొదటి ముగ్గుకి మధ్య వరసలో 7 చుక్కలు, అటూ ఇటూ 4 వచ్చేదాకా సందు చుక్క (ముందు వరస చుక్కల మధ్య పడేది) చాలు. 15 నుంచి 8కి మొదలెడితే సగంలో వదిలేస్తారు. అపార్ట్‌మెంట్ టైల్స్ మీద నీళ్లు చల్లగానే వేస్తే పిండి ముద్దకడుతుంది, బాగా ఆరాక వేస్తే గాలికి లేచిపోతుంది. తడి గుడ్డతో తుడిచి, మెరుపు పోయి చెమ్మ మిగిలినప్పుడు వేయాలి.

అరిసెలకు మాత్రం ఒక రోజున్నర కేటాయించండి. పండగ వారంలో పిండిమర దగ్గర వరసలో నిలబడాలి, డిసెంబరు చివర్లో ఆ బాధ ఉండదు. కిలో బియ్యం ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. వడకట్టి గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, తడి ఉండగానే ఆడించాలి. పిడికిట్లో నొక్కితే పిండి ఉండకట్టాలి. ఆరిన పిండితో చేస్తే అరిసెలు రాళ్లే. బెల్లం ముప్పావు కిలో. అనకాపల్లి పక్కనే ఉంది కాబట్టి మంచి బెల్లానికి కొదవ లేదు గానీ, పసుపుపచ్చగా మెరిసేదాన్ని చూసి మురిసిపోవద్దు, ఆ రంగు చాలాసార్లు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం పెట్టిన భిక్ష. ముదురు రంగుదే తీసుకోండి. పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కావాలి. లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లకి పరీక్ష. దించాక ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా తెడ్డుతో కలపాలి. ఒంటి చేత్తో అయ్యే పని కాదు, కుటుంబమంతా ఉన్న ఈ రోజులే దానికి తగినవి. పోసే పని పిల్లలకివ్వండి. పాకం, నూనె దగ్గర పెద్దవాళ్లే ఉండాలి.

ఇక సముద్రం. డిసెంబరులో పగలు 28 డిగ్రీల దాకా ఉంటుంది, మంచు ప్రాంతం నుంచి వచ్చిన పిల్లలకు అది వేసవే. స్విమ్మింగ్ పూల్‌లో పతకాలు గెలిచిన పిల్లలకైనా ఇక్కడ ప్రమాదమే. ఆర్కే బీచ్, యారాడల్లో ఈత వద్దు, పాదాలు తడుపుకుంటే చాలు. ఒడ్డుకొచ్చిన అలల నీరు ఒక సన్నని దారిలో వేగంగా వెనక్కి లాగుతుంది. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే ఆ చోటే మోసం. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకి ఈది బయటపడాలి. ఈ సంగతి నీళ్లలోకి దిగక ముందే చెప్పండి. డిసెంబరు చివర్లో సూర్యుడు ఆరుంబావు దాటాక వస్తాడు, అయిదున్నరకే వెళ్లిపోతాడు. అంచేత సాయంత్రం షికారు నాలుగింటికే మొదలుపెట్టాలి.

అరకు వద్దని కాదు. సంవత్సరాంతపు శని, ఆదివారాలు తప్పించి మామూలు రోజున, కిరండూల్ వెళ్లే రైల్లో వెళ్లండి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. చలిని తప్పించుకుని వచ్చినవాళ్లు మళ్లీ స్వెట్టర్లేసుకుని లంబసింగి మంచు చూడ్డానికి పరుగెత్తడం మాత్రం వింతే.

టిక్కెట్లప్పుడు ఢిల్లీ మీదుగా వచ్చేవాళ్లు పొగమంచుని లెక్కలో పెట్టుకోవాలి. దేశంలోపలి విమానం విడి టిక్కెట్టైతే చాలా సంస్థలు 15 కిలోలే ఉచితంగా అనుమతిస్తాయి. ఒకే టిక్కెట్టు మీద విశాఖ దాకా కొంటే మామూలుగా అంతర్జాతీయ సామాను పరిమితే వర్తిస్తుంది. తిరుగు ప్రయాణానికి అరిసెల్ని చెక్కలతో నూనె పిండి, రాత్రంతా ఆరనిచ్చి, కాగితం పొరల మధ్య స్టీలు డబ్బాలో సర్దండి. వేడి మీద మూత పెడితే చెమ్మపట్టి బూజొస్తుంది. అమెరికా కస్టమ్స్ దగ్గర తినుబండారాలున్నాయని చెప్పి తీరాలి. ఇంట్లో పట్టిన కోడి పచ్చడి మాత్రం, మాంసంతో చేసింది కాబట్టి, అత్తయ్య ఎంత బతిమాలినా ఇక్కడే తినేసి వెళ్లండి.