ఆ ఆపరేషన్ నోట్ మన చేతికి ఎందుకివ్వరు?

మా అన్నయ్యకి అయోర్టా, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, మొదట్లో ఉబ్బిందని బెంటాల్ ఆపరేషన్ చేశారు. కొన్ని నెలలకి నాలుగు మెట్లెక్కినా ఛాతీ పట్టేసినట్టు నొప్పి మొదలైంది. "కోసిన చోటు కదా, కొన్నాళ్లు అలాగే ఉంటుంది" అన్నారు. మేమూ నమ్మాం. అలా పోయిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది.

ఈ ఆపరేషన్‌లో పాడైన అయోర్టా మొదలుని, వాల్వుని తీసేసి, వాల్వు బిగించిన డేక్రాన్ (ఒక రకం సింథటిక్ గుడ్డ) గొట్టం పెడతారు. గుండె కండరానికి రక్తమిచ్చే కరోనరీలు రెండూ పుట్టేది సరిగ్గా అక్కడే. అందుకే వాటిని విడదీసి కొత్త గొట్టానికి మళ్లీ కుట్టాలి. మామూలుగా చుట్టూ కాస్త గోడతో సహా గుండీలా కోసి నేరుగా కుడతారు. అలా అందకపోతే క్యాబ్రోల్ పద్ధతి: ఇంకో సన్న డేక్రాన్ గొట్టం, సాధారణంగా 8 లేదా 10 మిల్లీమీటర్లది తీసుకుని, దాని చివరలకి రెండు కరోనరీలనీ కలిపి, మధ్య భాగాన్ని పెద్ద గొట్టానికి అతుకుతారు. ఆ సన్న గొట్టం మడతపడొచ్చు, అందులో రక్తం గడ్డకట్టొచ్చు, కుట్టిన చోట దారి ఇరుకైపోవచ్చు. అన్నయ్యకి ఎడమ కరోనరీ అతుకు దగ్గర ఇరుకైంది.

మళ్లీ ఛాతీ తెరవడం చిన్న విషయం కాదు. పాత కోత వల్ల లోపలన్నీ ఎముకకి అతుక్కుపోయి ఉంటాయి. రక్తనాళంలోంచి కెథెటర్ అనే సన్న గొట్టం పంపి స్టెంట్ వేయడం మేలనిపించింది కానీ అదీ మామూలు స్టెంట్ పని కాదు. కరోనరీ ద్వారం ఉండాల్సిన చోట ఉండదు, రోజూ వాడే వంపుల కెథెటర్లు అక్కడికి చేరకపోవచ్చు. వెతికేకొద్దీ రేడియేషన్ పెరుగుతుంది, రక్తనాళాలు కనపడటానికి ఎక్కించే డై పెరిగి కిడ్నీలకి భారమవుతుంది.

అప్పుడు స్టెంట్ వేసే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "కరోనరీలు ఎలా కుట్టారు?" ఏది ఎలా కుట్టారో రాసి ఉండే ఆపరేషన్ నోట్ మాకివ్వలేదు. మా దగ్గరున్న డిశ్చార్జ్ సమ్మరీలో "బెంటాల్ చేశాం" అన్న ముక్క తప్ప ఏమీ లేదు. ఒక మనిషి గుండెకి రక్తం ఏ దారిన వెళ్తోందో ఆ మనిషికే చెప్పకపోవడం ఘోరమైన తప్పు. చివరికి సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) తీసి దారి చూసుకున్నాకే స్టెంట్ వేశారు.

ఇప్పుడు ఇంకో టెన్షన్. మెటల్ వాల్వుకి వార్ఫరిన్, స్టెంట్‌కి క్లోపిడోగ్రెల్, రెండూ రక్తం గడ్డకట్టకుండా ఆపే మందులే, కలిస్తే రక్తస్రావం భయం. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష, ఐఎన్ఆర్, అదుపు తప్పకూడదు. స్టెంట్ మళ్లీ ఇరుకైనా ఆశ్చర్యం లేదు, అందుకే నొప్పి తిరిగొస్తే ఈసారి ఎవరి సముదాయింపూ వినం.

చాలాసార్లు తిరిగి ఆ ఆపరేషన్ నోట్ సంపాదించాను. ఒక కాపీ అన్నయ్య పర్సులో ఉంది, ఇంకొకటి నా ఫోన్‌లో.