గోలీసోడా సీసా గారికి

అయ్యా,

ఊళ్లో పిల్లలకి టీకాలు పడ్డాయో లేదో లెక్క తేల్చే సర్వేకి వచ్చి, రామాలయం అరుగు మీద మిమ్మల్ని పడుకోబెట్టి గిర్రున తిప్పిన చేతుల్లో నాదీ ఒకటి. మీ మూతి ఎటు చూపిస్తే అటు నడిచాం. ఊరి చివరిదాకా ఆ వరస ఇళ్లు లెక్కపెట్టి, చీటీ తీసి ఒక ఇంట్లో దూరాం. అక్కణ్ణుంచి పక్కిల్లు, దాని పక్కిల్లు. ఏడాది నిండి రెండేళ్లు నిండని పిల్లలు ఏడుగురు కావాలి. ఏడో బిడ్డ దొరికిందా, సంచి సర్దేశాం. ఎండలు అలాంటివి మరి.

30 ఊళ్లు, ఊరికి ఏడుగురు, మొత్తం 210 మంది. పశ్చిమాఫ్రికాలో మశూచి టీకాల లెక్క కోసం వాడిన ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాలకూ పంచింది. ఖర్చు తక్కువ, లెక్క త్వరగా తేలుతుంది. పది శాతం అటూ ఇటూ కావచ్చని ఈ పద్ధతి పెట్టినవాళ్లు ముందే చెప్పారు, పాపం. కానీ 210లో 169 మందికి టీకాలు పడితే పెద్దసార్లు 80.5 శాతం అనేవారు. ఆ చివరి అయిదు మీద ఎంత నమ్మకమో!

మీకు కులం లేదు, పార్టీ లేదు, ఒప్పుకుంటాను. కానీ మిమ్మల్ని తిప్పేది ఎప్పుడూ ఊరి నడుమే కదా. నడుమ ఉన్న ఇళ్లకే వంతు ఎక్కువ. చెరువుకట్ట అవతల తండాకి మీ చూపు ఆనలేదు. ఇటుక బట్టీ దగ్గర టార్పాలిన్ పట్టాల కింద ఉన్న ఒడిశా కుటుంబాలైతే ఊరి జాబితాలోనే లేవు. ఇక తాళం వేసిన ఇల్లు కనిపిస్తే, తల్లి కూలికెళ్లిందని కూడా రాయలేదు. పక్కింటికి పోయాం.

ఒకావిడ ట్రంకుపెట్టె అడుగు నుంచి కార్డు తీసింది. అయిదు జబ్బులకి ఒకటే టీకా అయిన పెంటా మూడో డోసు తేదీ ఉండాల్సిన గడిలో పసుపు మరక.

"ఏయించారా అమ్మా?"

"నర్సమ్మ తొడకి ఏసింది బాబూ. రాత్రంతా ఒకటే ఏడుపు."

"ఎన్నిసార్లు?"

"వచ్చినప్పుడల్లా."

మూడు అని రాసుకున్నాం.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కొత్త సర్వే పుస్తకం వచ్చి మీ ఉద్యోగం ఊడగొట్టింది. ఇప్పుడు ముందు ఇళ్ల జాబితా రాయాలి, అందులోంచి ఇళ్లు ఎంచాలి, తాళం ఉంటే మళ్లీ వెళ్లాలి. ఏడుగురు దొరికారని లేచిపోవడం కుదరదు.

మొన్న అటు వెళ్లాను. బట్టీ పెద్దదైంది. నిమ్మసోడా తాగి, పాత అలవాటు కొద్దీ మిమ్మల్ని అరుగు మీద పడుకోబెట్టాను. తిప్పేలోపే కొట్టాయన కేకేశాడు: "సీసా ఇక్కడ పెట్టెళ్లు!"

ఇట్లు,
మీరు చూపించిన వైపే నడిచినవాడు